సింహానికి జలుబు ఎవరు అంటించారు?

మొన్న వేసవి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ జహీరాబాదు నుంచి హైదరాబాదుకు బయలుదేరాం, జూ చూసి వద్దామని. బొంబాయి రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం. సదాశివపేట దాటేవరకు మా చిన్నమ్మాయి నిద్రపోయింది. సంగారెడ్డి వచ్చింది మొదలు ప్రశ్నలు ప్రారంభించింది. ఏనుగులైనవి, జిరాఫీలైనవి. సింహాల ఆవరణ ముందు నిలబడ్డప్పుడు మాత్రం తానే ఒక విశేషం చెప్పింది.

"నాయనమ్మా! ఈ సింహాలకు కరోనా వచ్చిందట, తెలుసా?"

మా అమ్మ నమ్మలేదు. "మృగరాజుకు జలుబేమిటే? ఎవరో నీకు కథ చెప్పారు" అన్నది.

"కథ కాదు. మా సైన్సు టీచరు చెప్పారు."

అమ్మ ఒక్క క్షణం సింహం వంక తేరిపార చూసింది. అది మా వంక చూడనైనా చూడకుండా ఆవులించి పక్కకు తిరిగి పడుకున్నది.

"అయితే దానికెవరు అంటించారే? అది పెండ్లికి పోయిందా, సంతకు పోయిందా, తీర్థానికి పోయిందా?"

నవ్వు వచ్చింది గాని, ఆలోచిస్తే ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. వైద్యం నాకేమి తెలుసు? ఇంటికి వచ్చిన తర్వాత, తెలిసినవారిని అడిగి, దొరికిన పుస్తకాలూ పత్రికలూ తిరగేశాను. చదివినకొద్దీ ఒక చిత్రమైన సంగతి బయటపడింది. రోగం ఎవరి నుంచి ఎవరికి పాకిందో కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు ఉపయోగించే విద్య, మా తెలుగు పండితులు తాళపత్రాలు ముందువేసుకొని చేసే పనికి అక్కచెల్లెలు! ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఎనిమిది సింహాలు

2021 ఏప్రిల్ నెల ఎవరూ మరచిపోలేరు. కరోనా రెండవసారి విరుచుకుపడిన రోజులవి. ఆసుపత్రిలో మంచం దొరికితే అదృష్టం, ఆక్సిజను సిలిండరు దొరికితే పునర్జన్మ. అటువంటి రోజుల్లో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో కొన్ని సింహాలు ఊపిరికి ఇబ్బంది పడుతున్నట్లు సిబ్బంది గమనించారు. సింహాన్ని నోరు తెరవమంటే తెరుస్తుందా? మత్తుమందు ఇచ్చి, ముక్కులో నుంచీ గొంతులో నుంచీ శ్వాసనాళం నుంచీ నమూనాలు తీశారు. ఏప్రిల్ 24న వాటిని పరీక్షకు పంపించారు.

ఎక్కడికో దూరం పంపవలసిన అవసరం రాలేదు. సి.సి.ఎం.బి. అని అందరూ పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం హైదరాబాదులోనే ఉన్నది. 1977లో పుష్పమిత్ర భార్గవ గారి నాయకత్వాన ప్రారంభమైన సంస్థ అది. దానికి అనుబంధంగా, లాల్జీ సింగ్ గారి సంకల్పం వల్ల, అంతరించిపోతున్న జంతుజాతుల కోసం అత్తాపూర్‌లో ప్రత్యేకంగా ఒక ప్రయోగశాల వెలసింది. దానిపేరు 'లాకోన్స్'. మనుషుల రోగాలకు ఎన్నో ప్రయోగశాలలు ఉండవచ్చు. అడవి జంతువుల రక్తంలోని రహస్యాలు చదవడానికే పుట్టిన ప్రయోగశాల మన ఊళ్ళో ఉన్నదంటే, అది మనం గర్వించదగిన విషయమే.

మే 4న కేంద్ర ప్రభుత్వం ఫలితం ప్రకటించింది. ఎనిమిది సింహాలకు కరోనా ఉన్నమాట నిజమే. అంతకు రెండు రోజుల ముందే, మే 2న, జూకు సందర్శకుల రాకను ఆపివేశారు. సింహాలను వేరుగా ఉంచి చికిత్స చేశారు. అవి తేరుకున్నవి.

ఆ ప్రకటనలో మరొక వాక్యం కూడా ఉన్నది. అంత ఆందోళన పడవలసినవని అప్పటికి గుర్తించిన కరోనా రకాలలో ఏదీ ఈ సింహాలలో లేదని పరిశీలనలో తేలింది. మనలో చాలామంది ఆ వాక్యాన్ని చదివి పుట తిప్పేసి ఉంటారు. రోగం ఉన్నదా లేదా అని చూడడం ఒక ఎత్తు. ఆ వచ్చిన వైరస్ ఏ వంశానిదో చెప్పడం మరొక ఎత్తు. ఆ రెండవ పని ఎట్లా చేస్తారు? మా అమ్మ ప్రశ్నకు జవాబు అక్కడే ఉన్నది.

నాలుగక్షరాల పుస్తకం

వైరస్ అనేది పూర్తిగా ప్రాణి అని చెప్పడానికి వీలులేని వస్తువు. తినదు, తాగదు, తనంతట తాను పిల్లల్ని పెట్టదు. దాని ఆస్తి అంతా ఒక చిన్న పుస్తకం. 'నన్ను ఇట్లా తయారుచెయ్యి' అని చెప్పే పుస్తకం. కరోనా వైరస్ పుస్తకంలో సుమారు 30 వేల అక్షరాలు ఉంటవి. మన అచ్చు లెక్కలో ఇరవై పుటలు దాటని పొత్తం. మన తెలుగు బడిపిల్లలు యాభైకి పైగా అక్షరాలు దిద్దాలి గాని, దానికి నాలుగే అక్షరాలు. ఆ నాలుగింటినే అటూ ఇటూ తిప్పి మొత్తం కథ రాసుకున్నది.

ఈ పుస్తకం మన శరీరంలోని ఒక కణంలో జొరబడి, అక్కడి పనివాళ్ళ చేత తనకు ప్రతులు రాయించుకుంటుంది. ఒక్కటి వెయ్యి అవుతుంది, వెయ్యి లక్ష అవుతుంది. చేతిరాతతో ప్రతులు తీసేవారు ఎంత జాగ్రత్తపడినా తప్పులు దొర్లుతవి కదా! వైరస్ విషయంలోనూ అంతే. కరోనా వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతూ పోతుంటే, నెలకు సుమారు రెండు అక్షరాలు మారుతూ వచ్చినవని లెక్క కట్టారు.

ఇక్కడ నా వృత్తి నాకు తోడు వచ్చింది. అచ్చు యంత్రాలు రాకముందు మన కావ్యాలన్నీ తాటాకుల మీద బతికినవి. లేఖకుడు ఒక ప్రతి ముందు పెట్టుకొని మరొక ప్రతి గీసేవాడు. 'ప' కారం 'వ' కారమయ్యేది. 'థ' లో చుక్క జారిపోయేది. ఒక్కొక్కప్పుడు పాదం పాదమే ఎగిరిపోయేది. చివర లేఖకుడు, నేను చూసినట్లే రాశాను, తప్పు నాది కాదు సుమా అని వేడుకొనేవాడు. ఆ తర్వాత ఆ ప్రతిని చూసి రాసినవాడు ఆ తప్పును కూడా భక్తితో ఎక్కించేవాడు.

బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే గ్రంథానికి ఎన్నో ప్రతులు సేకరించి, పాఠాలు సరిచూపించాడని మనం చదువుకున్నాం. ఆ పండితుల పని ఏమిటి? తప్పులను పోల్చడం. రెండు ప్రతులలో ఒకేచోట ఒకే తప్పు కనబడితే, ఆ రెండూ ఒకే తల్లి ప్రతి బిడ్డలని అనుమానించవచ్చు. అటువంటివి పది తప్పులు కలిస్తే ఇక సందేహం అక్కరలేదు. ఒప్పులు అందరికీ కలుస్తవి; వంశం చెప్పేవి తప్పులే.

శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. మనమందరం ఎరిగిన ఆర్.టి.-పి.సి.ఆర్. పరీక్ష, ఆ తాటాకు కట్టలో ఫలానా పద్యం ఉన్నదా అని వెతకడం వంటిది. ఉన్నదంటే రోగం ఉన్నట్లు. జన్యు పరిశీలన అనేది మొదటి ఆకు నుంచి చివరి ఆకు వరకు అక్షరం అక్షరం చదవడం. అట్లా చదివిన పాఠాన్ని మరొకచోట మరొకరిలో దొరికిన పాఠంతో పక్కపక్కన పెట్టి తప్పులు పోలుస్తారు. దానితో వంశవృక్షం బయటపడుతుంది.

న్యూయార్కు పులి చెప్పిన సాక్ష్యం

ఈ విద్య ఎంత పదునైనదో తెలియాలంటే ఒకసారి న్యూయార్కు వెళ్ళి రావాలి. అక్కడి బ్రాంక్స్ జూలో నాడియా అనే ఆడపులికి కరోనా వచ్చిందని 2020 ఏప్రిల్ 5న ప్రకటించారు. లోకమంతా ఆశ్చర్యపోయింది. అది మొదలు ఆ జూలో నాలుగు పులులూ మూడు సింహాలూ జబ్బుపడ్డట్లు తేలింది.

పులి నుంచి సింహానికి వచ్చిందా, సింహం నుంచి పులికి వచ్చిందా అని ఎవరైనా అడుగుతారు. వైరస్‌ల పాఠాలు చదివి చూస్తే రెండూ కాదు! పులుల వైరస్ ఒక పాఠం, సింహాల వైరస్ వేరే పాఠం. అంటే ఆ జూలోకి రోగం ఒకసారి కాదు, రెండుసార్లు విడివిడిగా ప్రవేశించిందన్నమాట. పులులను చూసుకునే మనుషులలో దొరికిన వైరస్ పాఠాన్ని పక్కన పెట్టి చూశారు. పులుల పాఠంతో అది కలిసింది. ఆ మనుషులకు రోగం తగిలిన తేదీలనూ దానితో కలిపి చూసి, రోగం మనిషి నుంచి పులికి పాకిందని తేల్చారు.

మన హైదరాబాదు సింహాల సంగతి కూడా దీనినిబట్టి ఊహించుకోవచ్చు. అవి పెండ్లికి పోలేదు, సంతకు పోలేదు. వాటి దగ్గరకు పోయినది మనిషి ఒక్కడే. తాను జబ్బుపడ్డానని తనకే తెలియని మనిషి అయి ఉండవచ్చు. అన్నం పెట్టే చేయి తెలియకుండా రోగం కూడా పెట్టిందేమో! అందులో ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. ఆ రోజుల్లో ఎంతమంది కొడుకులు తల్లులకు తెలియకుండా అట్లా రోగం తెచ్చి ఇవ్వలేదు?

ఆ నెల దాటకముందే చెన్నైలో వండలూరు జూ సింహాలకు కూడా కరోనా తగిలింది. అక్కడ అంత అదృష్టం లేకపోయింది. జూన్ 3న నీల అనే ఆడసింహం చనిపోయింది. అదే నెలలో పద్మనాథన్ అనే మగసింహం కూడా పోయింది. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలలో నాలుగు సింహాల వైరస్‌లను చదివి చూస్తే, నాలుగూ డెల్టా రకానివే. ఆ రోజుల్లో మన దేశంలో మనుషులను చుట్టబెట్టినది కూడా అదే డెల్టా.

ఇంతవరకు చదివి మనిషే దోషి, జంతువు నిర్దోషి అని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. 2020లో నెదర్లాండ్స్‌లోనూ డెన్మార్కులోనూ, బొచ్చుకోసం పెంచే మింక్ అనే జంతువులకు మనుషుల నుంచి కరోనా అంటుకున్నది. వేలకొద్దీ ఇరుకు బోనుల్లో ఉండే ఆ జంతువుల్లో వైరస్ విచ్చలవిడిగా ప్రతులు రాసుకొని, కొత్త తప్పులతో తిరిగి మనుషులలోకి వచ్చింది. ఆ తప్పులను చూసే అది తిరిగివచ్చినదని గుర్తుపట్టగలిగారు. ఆ ఏడు నవంబరులో డెన్మార్కు ప్రభుత్వం తమ దేశంలోని మింకులన్నిటినీ చంపివేయమని ఆదేశించింది. కోటిన్నరకు పైగా ప్రాణులు! రోగం ఇచ్చింది మనం, బోనులో ఇరికించింది మనం, శిక్ష అనుభవించినవి అవి.

గిర్ అడవిలో

జూ సింహానికి మత్తుమందు ఇచ్చేవారుంటారు, మందు వేసేవారుంటారు. అడవిలో సింహాన్ని ఎవరు చూస్తారు? ఆసియా సింహం సహజంగా బతికే చోటు ప్రపంచం మొత్తంమీద ఒక్కటే. అది గుజరాత్‌లోని గిర్ అడవి, దాని చుట్టుపట్ల ప్రాంతం. 2025లో లెక్కపెడితే 891 సింహాలు ఉన్నవి. మన ఊళ్ళో ఒక పెద్ద కళాశాలలో అంతకంటే ఎక్కువమంది విద్యార్థులు ఉంటారు.

2018 సెప్టెంబరు నెలలో గిర్‌లోని దల్ఖానియా ప్రాంతంలో సింహాలు ఒకటి తర్వాత ఒకటి చనిపోసాగినవి. మూడు వారాలలో 23 పోయినవి. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించి చూస్తే, కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. కుక్కను పెంచుకునేవారికి ఈ పేరు కొత్త కాదు. పిల్లకుక్కకు టీకా వేయించకపోతే వచ్చే ప్రాణాంతకమైన జబ్బు అదే. పేరుకు కుక్కల జబ్బు గాని, పిల్లిజాతి మృగాలను కూడా వదలదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాలలో సింహాలలో సుమారు మూడోవంతు ఈ డిస్టెంపర్ పాలైనవి. అక్కడ చుట్టుపక్కల పల్లెల్లోని కుక్కల మీదనే అనుమానం వచ్చింది.

పుణేలో గిర్ సింహాల వైరస్ పాఠాన్ని చదివితే, తూర్పు ఆఫ్రికాలో దొరికిన డిస్టెంపర్ పాఠాలకు దగ్గరగా ఉన్నట్లు తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తంజావూరులో దొరికిన తాళపత్ర ప్రతి, కడప ప్రతితో కలిస్తే, రెంటికీ ఎప్పుడో ఒకే మూలం ఉన్నదని చెప్పగలం. అంతేగాని, ఎవరు మోసుకుపోయారు, ఏ దారిన పోయారు, మధ్యలో ఎన్ని ఇళ్ళల్లో దిగారు అనేది ఆ తప్పులు చెప్పవు. వైరస్ పాఠం కూడా చుట్టరికం చెబుతుంది, ప్రయాణం చెప్పదు. దారి కనిపెట్టడానికి మళ్ళీ అడవిలో తిరగాలి, పల్లెల్లో తిరగాలి, కుక్కల్నీ పశువుల్నీ చూడాలి.

అయినా ఆ పాఠం వల్ల వెంటనే కలిగిన మేలు ఒకటున్నది. శత్రువు పేరు తెలిసింది. పేరు తెలిస్తే టీకా తెలుస్తుంది. విదేశం నుంచి టీకా తెప్పించి గిర్ సింహాలకు వేశారు. ప్రపంచంలో ఉన్న సింహాలన్నీ ఒకేచోట ఉన్న జాతికి ఒక్క అంటువ్యాధి ఎంత పని చేయగలదో ఆ మూడు వారాలు చూపించినవి.

కోలా పుస్తకంలో ప్రక్షిప్తం

ఇప్పటివరకు చెప్పిన వైరస్‌లు అతిథుల వంటివి. వస్తవి, ఇల్లు పాడు చేస్తవి, ఉంటే ఇంటివాడు ఉంటాడు లేకపోతే పోతాడు. కాని అతిథిగా వచ్చి ఇంటిపేరు పెట్టుకొని కాపురం చేసే వైరస్‌లు కూడా ఉన్నవి. అది మన కళ్ళ ఎదుట జరుగుతున్న చోటు ఒకటున్నది. అందుకు ఆస్ట్రేలియా వెళ్ళాలి.

ఆస్ట్రేలియా అనగానే మనకు కంగారూ గుర్తుకు వస్తుంది. పూర్తిగా ఎదగని పిల్లను కని, పొట్ట దగ్గరి సంచిలో పెట్టుకొని పెంచే జాతి అది. మన దేశపు అడవుల్లో అటువంటి సంచి జంతువులు లేవు. వాటిలోనే కోలా అనే బొద్దుపాటి ప్రాణి ఒకటి. మనం నీలగిరి అనీ జామాయిలు అనీ పిలిచే చెట్లెక్కి, ఆ ఆకులే తిని, రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. చూస్తే ముద్దు వస్తుంది.

ఈ కోలాలు రక్తపు క్యాన్సరుతో చనిపోతుంటే కారణం వెతికారు. ఒక వైరస్ దొరికింది. 2000 సంవత్సరంలో క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు దాని పాఠం మొత్తం చదివి ప్రకటించారు. ఎనిమిది వేల పైచిలుకు అక్షరాలు. ఇది రెట్రోవైరస్ అనే జాతికి చెందింది. దీని స్వభావం వేరు. తన పుస్తకం తాను చంకన పెట్టుకొని తిరగడంతో దీనికి తృప్తి లేదు. పోయినచోట, ఆ ప్రాణి పుస్తకంలోనే తన పాఠాన్ని ఇరికించి రాసేస్తుంది.

మా భాషలో దీనికి చక్కని పేరున్నది: ప్రక్షిప్తం. కవి రాసిన కావ్యంలో తర్వాతివాడెవడో తన పద్యం చొప్పించడం. ఒక్క ప్రతిలో చొప్పిస్తే ఆ ప్రతితో పోతుంది. తల్లి ప్రతిలోనే చొరబడితే? ఇక ఆ తర్వాత తీసే ప్రతులన్నిటిలోనూ అది ఉంటుంది. పిల్లలు అది కవి రాసిందే అనుకొని వల్లెవేస్తారు. కోలాలకు జరిగింది అదే. ఆ వైరస్ వాటి అండంలోకీ బీజంలోకీ దూరింది. తల్లిదండ్రుల నుంచి పిల్లకు ముక్కూ చెవీ వచ్చినట్లే వైరస్ కూడా వారసత్వంగా వస్తున్నది.

2006లో ప్రకటించిన పరిశోధనలో మరింత విశేషం బయటపడింది. ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో పరీక్షించిన ప్రతి కోలాలోనూ ఆ వైరస్ ఉన్నది. దక్షిణాన కంగారూ దీవిలోని కోలాలలో కొన్నిటికి లేదు. అంటే ఈ ప్రక్షిప్తం ఇంకా ఊరూరా పాకుతూనే ఉన్నది, పని పూర్తికాలేదు. మ్యూజియముల్లో దాచిన పాత కోలా చర్మాలను తీసి చదివితే, 19వ శతాబ్దం చివరినాటి వాటిలో కూడా అది కనబడింది.

అది కోలాకు ఎక్కడి నుంచి వచ్చింది? గిబ్బన్ అనే కోతిజాతిలో రక్తపు క్యాన్సరు తెచ్చే వైరస్ ఒకటి 1970ల నాటికే తెలుసు. దాని పాఠమూ కోలా వైరస్ పాఠమూ దగ్గరి చుట్టాలు. గిబ్బన్ ఉండేది ఆగ్నేయ ఆసియా అడవుల్లో, కోలా ఉండేది సముద్రం అవతల. రెండు ప్రతులు కలుస్తున్నవి, లేఖకులు మాత్రం ఎన్నడూ కలుసుకోలేదు. అటువంటప్పుడు పండితుడు ఏమంటాడు? మధ్యలో మనకు దొరకని మరొక ప్రతి ఉండాలి అంటాడు. శాస్త్రజ్ఞులూ అదే అని వెతికారు. ఆస్ట్రేలియాలోని ఒక రకం ఎలుకలలో ఒక బంధువు దొరికింది. 2020లో అక్కడి గబ్బిలాలలో మరొక బంధువు దొరికింది. వెతుకులాట సాగుతూనే ఉన్నది.

ఇదంతా పండితుల కాలక్షేపం కాదు. ఏ కోలాలను ఏ అడవికి తరలించాలి, వేటితో వేటికి జత కూర్చాలి అనేది ఆ పాఠాలు చూడకుండా నిర్ణయిస్తే, మంచి చేయబోయి రోగం పంచినట్లవుతుంది.

కోలా మీద జాలిపడబోయే ముందు మన సంగతి కూడా చెప్పుకోవాలి. మనిషి పుస్తకంలో సుమారు 8 శాతం ఇటువంటి పాత ప్రక్షిప్తాలే! మన పూర్వీకులకు లక్షల, కోట్ల సంవత్సరాల క్రితం తగిలిన రెట్రోవైరస్‌ల శిథిలాలవి. చాలాభాగం చెడిపోయి మూలుగుతున్నవి. కాని ఒకటి మాత్రం ఇంటిమనిషి అయిపోయింది. తల్లి గర్భంలో శిశువుకు ఆహారం అందించే మాయ తయారుకావడానికి సాయపడే ఒక పదార్థం, ఒకనాటి వైరస్ తెచ్చిన పాఠమేనని 2000లో వెల్లడించారు. ఏనాడో శత్రువై వచ్చిన అక్షరాలు ఈనాడు తల్లికీ బిడ్డకూ మధ్య వంతెన కట్టుతున్నవి. కోలాలు ఇప్పుడు అనుభవిస్తున్న బాధ, మన పూర్వులు ఎప్పుడో అనుభవించి ఉంటారు.

చెట్టు మీద గబ్బిలాలు

ఇదంతా చదువుతుంటే నాకు 2020 నాటి మా వీధి పంచాయితీ గుర్తుకు వచ్చింది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్నది. పగలంతా గబ్బిలాలు వేలాడుతుంటవి, సాయంత్రం కాగానే మబ్బులాగా లేచిపోతవి. కరోనా వార్తలు రాగానే వీధిలో కలకలం పుట్టింది. గబ్బిలాల వల్లనే రోగం వచ్చిందట, చెట్టు కొట్టించాలని కొందరు, టపాకాయలు కాల్చి వెళ్ళగొట్టాలని కొందరు. చెట్టు పక్కనే ఉన్న ముసలాయన ఒకరు "నేను పుట్టకముందు నుంచీ అవి ఉన్నయి. ఇన్నేండ్లు రాని రోగం ఇప్పుడే తెచ్చినయా?" అని అడ్డు కూర్చున్నాడు. అందరూ గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆ పెద్దాయనకు జన్యుశాస్త్రం తెలియదు. అయినా అతడి మాటకు తర్వాత బలం దొరికింది. అదే ఏడు పుణే వైరాలజీ సంస్థవారు మన దేశంలోని గబ్బిలాలను పరీక్షించారు. కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్ ప్రదేశ్‌లలో కొన్ని గబ్బిలాలలో కరోనా జాతి వైరస్‌లు దొరికిన మాట నిజం. కాని వాటి పాఠాలు చదివితే, మనుషులను పీడిస్తున్నది అవి కాదని తేలింది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దొంగ అతడేనంటామా?

పరీక్షించకుండా చెట్టు కొట్టేవారికీ, చదివి చూసి మాట్లాడేవారికీ ఉన్న తేడా అదే. మనకు రోగం వస్తే ఎవరినో ఒకరిని ఆడిపోసుకోవడం మన స్వభావం. నోరులేని జీవి అయితే మరీ సులువు. కాని వైరస్ రాసుకునే ఆ నాలుగక్షరాల పుస్తకం ఎవరి పక్షమూ వహించదు. జంతువు నుంచి మనిషికి వచ్చి ఉంటే ఆ సంగతి చెబుతుంది. మనిషి నుంచి సింహానికి పోయి ఉంటే అదీ చెబుతుంది. వినే ఓపిక మనకు ఉండాలి. ఆ ఓపికకు ఒక ప్రయోగశాల కావాలి, జబ్బుపడ్డ జంతువును గమనించే కాపలాదారు కావాలి, పల్లెలో కుక్కపిల్లకు టీకా వేయించే ఇంటి యజమాని కావాలి, జలుబు చేసిన రోజున జూకు పోవద్దనుకునే మనమూ కావాలి.

ఇవన్నీ విడమరిచి చెప్పి, "అయితే అమ్మా, నీ ప్రశ్నకు జవాబు దొరికింది. సింహానికి జలుబు అంటించింది మనమేనట" అన్నాను.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే అన్నది: "నాకు అప్పుడే అనుమానం వచ్చింది. దాన్ని చూడడానికి మనం పోయినం గాని, మనల్ని చూడడానికి అది రాలేదు కదా!"